బ్యాటరీకి బదులు పత్తి బొగ్గు?

ఆదిలాబాద్: పత్తి చేలకు మందు కొట్టే రోజుల్లో రైతును పురుగుతో సమానంగా వేధించేది వీపు మీది పంపు బ్యాటరీ. రాత్రంతా చార్జింగు పెట్టినా మధ్యాహ్నానికి ధార సన్నబడుతుంది. కొన్నాళ్లకు చార్జి పట్టడమే మానేస్తుంది. కొత్తది కొనాలి, లేదా అటక మీది పాత చేతిపంపు దించాలి.

ఈ బెడద తప్పిస్తుందని కొన్నేళ్లుగా అల్ట్రా కెపాసిటర్ పేరు వినబడుతోంది. పేరు కొత్తదే గాని దీని చిన్న తమ్ముడు ఇంట్లో ఫ్యానులోనూ, బావి దగ్గర మోటారు డబ్బాలోనూ ఉన్నాడు. జనం కండెన్సర్ అంటారు. బ్యాటరీలో కరెంటు రసాయన మార్పుగా దాగుతుంది, మార్పు జరిగినప్పుడల్లా లోపలి పలకలు కాస్త అరుగుతాయి. అల్ట్రా కెపాసిటర్‌లో ఆ బాధ లేదు. సన్నసన్నని రంధ్రాలున్న బొగ్గుకు విద్యుత్ కణాలు వచ్చి అంటుకుంటాయి, కావలసినప్పుడు వదిలిపోతాయి, అంతే. అందుకే నిమిషాల్లో నిండుతుంది, లక్షల సార్లు నింపినా చెడదు. ఆ బొగ్గు ఒక్క గ్రాములో ఉన్న రంధ్రాల గోడలను నేల మీద పరిస్తే వెయ్యి చదరపు మీటర్లు దాటుతుంది. అంటే దాదాపు పది గుంటల చెలక!

ఈ బొగ్గును ఎక్కువగా కొబ్బరి చిప్పల నుంచి తీస్తారు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ. శాస్త్రవేత్తలు మాత్రం మిల్లుల్లో మిగిలే వ్యర్థ పత్తి నుంచి తీశారు. 2021లో ఈ సంగతి వెల్లడించారు. లోపల పోసే ద్రావణానికి కూడా ఖర్చు లేకుండా సముద్రపు నీరే వాడారు. 10 వేల సార్లు నింపి దించినా సామర్థ్యం 99 శాతం నిలిచింది. పత్తే ప్రాణమైన ఈ జిల్లా చెవి నిక్కించి వినవలసిన మాట ఇది.

అయితే తొందరపడి పంపు బ్యాటరీ పారేయడానికి లేదు. 12 ఓల్టుల, 8 ఆంపియర్ అవర్ల బ్యాటరీ బరువు రెండున్నర కిలోలు. అంతే కరెంటు పట్టాలంటే బజారులో దొరికే అల్ట్రా కెపాసిటర్లు 16 కిలోల దాకా కావాలి. నిండు ట్యాంకు మీద మరో ట్యాంకు మోసినట్టే! పైగా నింపి పక్కన పెడితే రోజులు గడిచేకొద్దీ దానంతటదే దిగిపోతుంది. గూడేల్లో రాత్రంతా వెలగవలసిన సోలార్ దీపానికీ ఒంటరిగా పనికిరాదు.

మళ్లీ మళ్లీ నింపుకునే వీలున్న చోట దీని సత్తా వేరు. చైనాలోని షాంఘైలో 2006 నుంచే బస్సులు స్టాపుల్లో ఆగినప్పుడల్లా ఇలా నింపుకుని నడిచాయి. కేరళలోని కన్నూరులో కెల్ట్రాన్ సంస్థ 2024లో వీటి తయారీ కేంద్రం తెరిచింది.

మన దగ్గర ముందుగా అక్కరకు వచ్చేది ట్రాక్టరుకేనేమో. ఇంజను అందుకోవడానికి కావలసింది కొద్ది సెకండ్లపాటు భారీ కరెంటు. చలికి బ్యాటరీ మొద్దుబారుతుంది, అల్ట్రా కెపాసిటర్ సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా పనిచేస్తుంది. ఆదిలాబాద్‌లో చలి పది డిగ్రీల లోపుకు దిగేదీ, తెల్లవారుజామున పత్తి బండ్లు మార్కెట్ యార్డుకు బయలుదేరేదీ ఆ రోజుల్లోనే.