కాలి పుండుకూ కిడ్నీకీ సంబంధం

మొయినాబాద్ వైపు గులాబీ తోటల్లో, చేవెళ్ల వైపు కూరగాయల మడుల్లో పనిచేసేవారికి ముల్లు గుచ్చుకోవడం, పార తగలడం కొత్త కాదు. ఇంత పసుపు అద్ది మళ్లీ పనిలోకి దిగుతారు. ఆ గాయమే చీముపట్టి వారాల తరబడి మానకుంటే, ముఖ్యంగా షుగర్ ఉన్నవారిలో, కిడ్నీలు వాచే ప్రమాదం ఉంది. కాలి పుండుకూ కిడ్నీకీ సంబంధమేమిటని అడిగేవారి కోసమే ఇది రాస్తున్నాము.

ఒక్కో కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సన్నని జల్లెడలు సుమారు 10 లక్షలుంటాయి. క్రిములతో పోరాడేందుకు శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలు, క్రిముల అంశాలతో ముద్దకట్టి ఆ జల్లెడల్లో చిక్కుకుంటాయి. అక్కడ వాపు పుడుతుంది. క్రిమి స్వయంగా కిడ్నీలోకి వెళ్లనక్కరలేదు. మూత్రంలో మంట పుట్టించే యూరిన్ ఇన్ఫెక్షన్ వేరు, ఇది వేరు.

పిల్లల్లో ఇది సాధారణంగా గొంతు నొప్పి తగ్గిన ఒకటి రెండు వారాలకు, చర్మపు పుండ్ల తర్వాతైతే మూడు నుంచి ఆరు వారాలకు కనబడుతుంది. ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు. పెద్దల సంగతి అలా కాదు. చాలాసార్లు పుండు గానీ, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ గానీ ఇంకా ఉండగానే కిడ్నీ దెబ్బతింటుంది. వయసు మళ్లినవారిలో, షుగర్ రోగుల్లో పూర్తిగా కోలుకోనివారు ఎక్కువ.

పొద్దున లేవగానే కళ్ల చుట్టూ ఉబ్బు, సాయంత్రానికి పాదాల వాపు, మూత్రం తగ్గడం, టీ డికాషన్ రంగులో రావడం, నురగ, బీపీ పెరగడం దీని గుర్తులు. కళ్లు ఉబ్బితే నిద్ర చాలలేదనుకుంటాం, పాదాలు వాస్తే ఎక్కువసేపు నిలబడ్డామనుకుంటాం! మూత్ర పరీక్ష, రక్తంలో క్రియాటినిన్, బీపీ చూస్తే చాలావరకు తెలుస్తుంది. అవసరమైతే డాక్టర్లు సీ3 అనే రక్త పరీక్ష, బయాప్సీ చేయిస్తారు.

వైద్యంలో మొదటిది ఇన్ఫెక్షన్‌ను తగ్గించడం. దానితోపాటు ఉప్పు తగ్గించాలి, బీపీ అదుపులో ఉంచాలి. కొందరికి కొద్దికాలం డయాలసిస్ కూడా అవసరపడవచ్చు. నొప్పికని డైక్లోఫెనాక్ వంటి సూదులు, మాత్రలు తీసుకోవడం మన పల్లెల్లో మరీ ఎక్కువైంది. వాచిన కిడ్నీకి అవి ఇంకా చేటు. వాపుకని ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటే ఇన్ఫెక్షన్ ముదరవచ్చు.

హైదరాబాద్‌లో ఉస్మానియా ఆసుపత్రిలోనూ నిమ్స్‌లోనూ కిడ్నీ విభాగాలున్నాయి. కానీ మొదటి మూత్ర పరీక్షకు అంతదూరం పోనక్కరలేదు. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించి, ఆ కాగితం దాచుకోవాలి. పుండు మానినా, వాపు తీసినా మూత్రంలో ప్రొటీన్ నెలల తరబడి పోతూ ఉండవచ్చు. అందుకే డాక్టర్ చాలనేదాకా మూత్రం, బీపీ చూపించుకుంటూనే ఉండాలి.