గృహిణి నేర్వవలసిన క్షౌరవిద్య

గృహిణి నేర్వవలసిన విద్యలను గూర్చి వ్రాయువారు వంటయు, కుట్టుపనియు, శిశుపోషణమును, రోగిపరిచర్యయు బేర్కొందురు. గడ్డము గీయుటను బేర్కొన్నవారు మిక్కిలి అరుదు. అది పురుషులు తమకు దాము చేసికొనునది, కానిచో క్షురకుడు వచ్చి చేయునది. దానితో మనకేమి పని యని సోదరీమణులు నవ్వవచ్చును. కాని పక్షవాతముచే కుడిచేయి పడిపోయిన తండ్రి యున్న యింటను, ముదిమిచే చేతులు వణకు మామగారున్న యింటను, పదునాఱేండ్ల కుమారుడు తొలిసారి అద్దము ముందు నిలిచి చుబుకము కోసికొన్న యింటను ఈ పని యెవరిమీద బడుచున్నదో మన మెఱుగనిది కాదు. మాసిన గడ్డమును దీసి, మంచము పట్టిన వృద్ధుని ముఖమునకు మరల నాయన రూపము నిచ్చునది కూతురో, కోడలో, భార్యయో యగుచున్నది. ఆ పనిని గాటు పడకుండ, మంట పుట్టకుండ చేయు విధమును దెలుపుటకే ఈ వ్యాసము.

పూర్వము మన గ్రామములలో క్షురకుడు పొదితో ఇంటికే వచ్చెడివాడు. అతనికి రావలసినది పంటకాలమున కళ్లములో ధాన్యరూపమున ముట్టుచుండెను. అతడు వచ్చి కూర్చున్నంతనే కత్తి యెత్తెడివాడు కాడు. గిన్నెలోని నీటిని వ్రేళ్లతో దీసి గడ్డమునకు అద్ది, చాలసేపు మర్దించి, వెండ్రుక మెత్తబడిన పిదపనే కత్తిని తోలుపై నూఱి పని కుపక్రమించెడివాడు. చూచువారికి ఆ మర్దనము కాలక్షేపముగా దోచును. నిజమునకు పనిలో సగపాలు అదియే.

తన గడ్డమును దానే గీసికొనవలెనను కోరిక యైరోపాలో ముందుగా బలపడెను. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున కత్తులు చేయు పనివాడైన జాన్-జాక్ పెరే ఈ విషయముపై నొక గ్రంథమునే ప్రకటించెను. కాని పొడవైన మంగలికత్తిని స్వయముగా వాడుట అందఱకును సాధ్యము గాలేదు. అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ అనునతడు పలుచని ఉక్కురేకును, వాడి పాఱవేయదగిన బ్లేడుగా జేసి 1903లో అమ్మకమునకు దెచ్చెను. ఆ సంవత్సరము అమ్ముడువోయినవి 51 రేజరులును, 168 బ్లేడులును మాత్రమే. 1904లో అతనికి పేటెంటు లభించెను. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైనికులు దానిని వాడి యలవాటుపడిన పిదప అది లోకమంతట వ్యాపించెను. ఇట్లు పనిముట్టు ఇంటింటికిని వచ్చినది గాని, క్షురకుని చేతిలోని నేర్పు దానివెంట రాలేదు. నేడు ముఖము మంటలని, పొక్కులని బాధపడువారిలో పెక్కుమంది కష్టము ఇందుండియే పుట్టుచున్నది.

మంట యేల కలుగును?

పొడిగా నున్న గడ్డపు వెండ్రుక గట్టిది. అదియే వెచ్చని నీటిలో రెండు మూడు నిమిషములు నానినచో నీరు పీల్చి, ఉబ్బి, మెత్తబడును. అప్పుడు దానిని గోయుటకు కావలసిన బలము చాల తగ్గును. వెండ్రుక బ్లేడునుగూడ చెఱచును. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు జెందిన శాస్త్రజ్ఞులు 2020లో సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఉక్కు వెండ్రుక కంటె సుమారు 50 రెట్లు గట్టిదైనను, వెండ్రుక వంగి తగిలినప్పుడు ఉక్కులోని బలహీనస్థానములయొద్ద అంచు పెచ్చులూడుచున్నదని కనుగొనిరి. పెచ్చులూడిన బ్లేడు కోయదు, లాగును. లాగినచోట మంట పుట్టును.

రెండవ కారణము ఒత్తిడి. చర్మము గాజుపలకవలె సమముగా నుండునది కాదు. వెండ్రుక మొదట చర్మము కొంచెము పైకి లేచి యుండును. బ్లేడును అదిమి పట్టినచో ఆ లేచిన భాగము వెండ్రుకతోపాటు తెగును. రక్తము రానంత మాత్రమున గాయము లేదనుకొనరాదు; పై పొర లేచిపోయినదనుటకు ఆ మంటయే సాక్షి. కావున నునుపు నిచ్చునది నీరును, ఓర్పును, బలము కాదు. ఈ యొక్క మాటను జ్ఞప్తియందుంచుకొన్నచో తక్కినదంతయు సులభమగును.

సిద్ధపఱచుట

స్నానానంతరము గడ్డము గీయుట ఉత్తమము. అది వీలుకానిచో, వెచ్చని నీటిలో దడిపి పిండిన తువాలును గడ్డముపై గప్పి రెండు మూడు నిమిషములుంచవలెను. వేడిమిని ముందుగా మన ముంజేతిపై చూచుకొనవలెను. పిదప ముఖము గడిగి జిడ్డును బోగొట్టి, ఆఱకమునుపే క్షౌరపు సబ్బును గాని క్రీమును గాని తడిబ్రష్షుతో గుండ్రముగా ద్రిప్పుచు పూయవలెను. నురుగు పెరుగుమీది మీగడవలె చిక్కగా నుండవలెను. పెద్దబుడగలతో తేలిపోవు నురుగు క్షణములో నాఱిపోవును. ఆఱిన నురుగుపై బ్లేడు జాఱదు. ఒంటికి రుద్దుకొను సాధారణపు సబ్బుతో వచ్చు లోపమిదియే.

గీయబోవుటకు ముందు తెలిసికొనవలసిన దింకొకటి కలదు. వెండ్రుకలు ముఖమంతటను ఒకే దిక్కున మొలవవు. చెంపలపై సామాన్యముగా క్రిందికి మొలచును. కంఠమున కొందఱకు పైకిని, కొందఱకు ప్రక్కకును మొలచును. గడ్డము పొడిగా నున్నప్పుడే వ్రేళ్లతో నిమిరి చూచినచో, ఏ దిక్కున నునుపుగా జాఱునో అదియే వెండ్రుక వాలు. కంఠమున మంటయని మొఱపెట్టువారిలో ననేకులు ఆ వాలును చూడక క్రిందినుండి పైకి లాగువారే.

గీయుట

బ్లేడు చర్మముతో సుమారు 30 డిగ్రీల కోణమున నుండవలెను. కొలతకు సాధనము లేకున్నను కష్టము లేదు. ఒంటిబ్లేడు రేజరు తలను చెంపకు ఆనించి, పిడిని మొదట నేలకు సమముగా బట్టి, మెల్లమెల్లగా క్రిందికి వంచవలెను. అంచు వెండ్రుకను దాకిన సవ్వడి వినబడినచోట ఆగవలెను. కోణ మదియే. పలుబ్లేడుల రేజరులలో ఈ కోణము ముందే అమర్చబడి యుండును.

రేజరును దాని బరువుతోనే దిగనీయవలెను. ఒక్కొక్క గీటు రెండు వ్రేళ్ల వెడల్పునకు మించరాదు. రెండు మూడు గీటులకు ఒకసారి నీటిలో ముంచి కడుగవలెను. మొదటిసారి ఎల్లప్పుడును వాలుననుసరించియే గీయవలెను. మొదట చెంపలు, పిదప కంఠము, కడపట చుబుకమును మీసపు చోటును గీయుట మంచిది. అచ్చటి వెండ్రుకలు మిక్కిలి దట్టమైనవి గనుక నానుటకు వానికి మఱికొంత వ్యవధి చిక్కును.

ఇంకను నునుపు కావలెనన్నచో మరల నురుగు పూసి వాలునకు అడ్డముగా గీయవలెను. నురుగు లేనిచోట రేజరును రెండవసారి నడపుట తగదు. వాలునకు ఎదురుగా గీయుట చర్మము గట్టిపడినవారికే తగును. గడ్డము దినమునకు సుమారు 0.4 మిల్లీమీటరు పెరుగునది. ఒక పూట నునుపునకై వారముదినములు మంటను గొనుట లాభసాటి బేరము కాదు.

ముగిసిన పిదప చల్లని నీటితో గడిగి, తువాలుతో రుద్దక అద్దవలెను. మన పెద్దలు వాడిన పటిక నేటికిని మంచిదే. తడిపిన పటికగడ్డను పైపైన రాచి, క్షణమాగి కడిగినచో చిన్నగాట్లనుండి వచ్చు రక్తము నిలుచును. మద్యసారము గలిసిన పరిమళజలములు చర్మమును మండించును. వానికంటె వాసనలేని లేపనము మేలు.

మంచము పట్టినవారికి

ఇతరుల ముఖముపై పనిచేయునప్పుడు మఱికొన్ని జాగ్రత్తలు వలయును. మొట్టమొదట అనుమతి యడుగవలెను. మాట పడిపోయినవారును కంటితోనైన సమ్మతి దెలుపగలరు. అడుగక గడ్డముపై చేయి వేసినచో, పెద్దవారికి అది పరిచర్యగాక పరాభవముగా దోచును. తలగడలతో వెన్ను నెత్తి కూర్చుండబెట్టి, మెడచుట్టు తువాలు కప్పి, వెలుతురు ముఖముపై బడునట్లు చూచుకొనవలెను. కట్టుడుపండ్లు ఉన్నచో వానిని తీయక యుంచుట మేలు. చెంపలు లోనికి పోకుండును. ముడుతలు పడిన చర్మమును ఎడమచేతి వ్రేళ్లతో మెల్లగా సాగదీసి, చదునైన చోటనే గీయవలెను. పక్షవాతము సోకిన ప్రక్క స్పర్శ తెలియకపోవచ్చును గనుక, నొప్పియనరు గదా యని తొందరపడరాదు. పుట్టుమచ్చలను, పులిపిరులను, పుండ్లను దాకక విడువవలెను.

రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారికి చిన్నగాటైనను చాలసేపు కారును. అట్టివారికి బ్లేడునకు బదులు విద్యుత్ రేజరు మేలు. అయితే ప్రాణవాయువు గొట్టముతో పీల్చుచున్నవారియొద్ద విద్యుత్ రేజరు వాడరాదు. నిప్పురవ్వ పుట్టినచో అపాయము. మధుమేహము గలవారికి గాయములు తఱుచు ఆలస్యముగా మానును గనుక, ఎఱ్ఱబడిన గాటును మఱునాడు తప్పక చూడవలెను. పని ముగిసిన పిదప అద్దమును వారి చేతి కీయుడు. చేయి లేవనిచో మీరే పట్టుడు. తన ముఖమును దాను చూచుకొని, మీసపు కొస దిద్దుమని చెప్పు అధికారము ఆయనకు మిగిలియుండవలెను.

ఎదుగు కుమారునకు

నూనూగుమీసముల బాలునకు పెద్దలు మొదట చెప్పు మాట, గీసినకొలది గడ్డము దట్టమగునని. ఇది నిజము గాదు. మిల్డ్రెడ్ ట్రాటర్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు 1928లోనే, గీయుటవలన వెండ్రుక పెరుగుదలలో మార్పు రాదని ప్రయోగపూర్వకముగా దెలిపెను. సహజముగా కొస సన్ననై యుండు వెండ్రుక, కోసినప్పుడు మొండియై గరుకుగా దోచును; అంతియే. చేతులమీదను, కాళ్లమీదను రేజరు వాడు స్త్రీలకును ఈ మాటయే వర్తించును.

మొటిమలున్న చోట వానిపై బ్లేడు నడపక ప్రక్కలనుండి తప్పించుమని బాలునకు చెప్పవలెను. ఉంగరములు తిరిగిన గడ్డము గలవారికి వేఱొక చిక్కు కలదు. 1971లో జంటబ్లేడుల రేజరు వచ్చినది మొదలు బ్లేడుల సంఖ్య పెరుగుచు వచ్చినది. మొదటి బ్లేడు వెండ్రుకను పైకి లాగగా వెనుకటిది మఱింత లోతుగా గోయును. తెగిన కొస చర్మము లోపలికి జాఱును. వంకరవెండ్రుక మరల పెరుగునప్పుడు బయటికి రాక లోపలనే గుచ్చుకొని పొక్కగును. ఇట్టివారు ఒంటిబ్లేడు వాడుట, చర్మమును సాగదీయకుండుట, అతినునుపు కోరకుండుట మేలు. పొక్కులు చీము పట్టినచో క్షౌరము మాని వైద్యునికి చూపవలెను.

ఒకరి రేజరు ఇంకొకరికి తగదు

తండ్రి రేజరును కొడుకు, అన్న రేజరును తమ్ముడు వాడుట మన యిండ్లలో తప్పుగా నెంచబడదు. కాని కంటికి గానరాని రక్తపు తడి బ్లేడుపై నిలుచును. కాలేయమును బాధించు హెపటైటిస్ బి విషక్రిమి శరీరము వెలుపల 7 దినములైనను బ్రతికియుండగలదు. హెపటైటిస్ సి వ్యాధికిని ఇట్టి సంపర్కము మార్గము. కావున ఎవరి రేజరు వారిదే. అంగడికి వెళ్లినప్పుడును తమ కన్నులయెదుట క్రొత్తబ్లేడు వేయుమని కోరవలసినదిగా ఇంటివారికి చెప్పవలెను. హెపటైటిస్ బికి టీకా కలదను సంగతియు మఱవరాదు.

వాడిన రేజరును కడిగి, నీరు విదిలించి, స్నానపుగదిలోని తేమకు దూరముగా ఆఱనీయవలెను. బ్లేడు లాగుచున్నట్లు దోచిన దినముననే మార్చవలెను. ఇన్నిసారులని నియమము లేదు. తీసిన బ్లేడును చెత్తబుట్టలో బాఱవేయుట ఘోరము. ఆ చెత్తను చేతితో నెత్తు పారిశుద్ధ్యపు పనివారు మనవంటి బిడ్డల తల్లులే. మూతకు సన్నని చీలిక చేసిన రేకుడబ్బాలో బ్లేడులను వేసి, నిండిన పిదప మూత బిగించి, పైని పేరు వ్రాసి వేఱుగా అప్పగింపవలెను.

సోదరీమణులారా! ఈ విద్యకు వలయునది గిన్నెడు వెచ్చని నీరు, కొంచెము నురుగు, మంచి బ్లేడు, పావుగంట తీఱిక. మొదటిసారి చేయి వణకుట సహజము. చెంపమీది చదునైన చోట నారంభించినచో ధైర్యము దానే వచ్చును. నెలల తరబడి పైకప్పును జూచుచు పరుండిన మనుష్యుడు, ఎవరైన చూడవచ్చుచున్నారనగా మొదట చేతితో దడవుకొనునది గడ్డమునే. ఆ చేతికి నున్నని చెంప తగులునట్లు చేయుట మందుపట్టీలో వ్రాయబడని సేవ. దానిని నేర్చిన యింట రోగికి రోగి ననెడి భావము కొంత తగ్గును.