పాత టేపు, కొత్త అంకెలు: హై-రిజల్యూషన్ రీమాస్టర్‌లో మారేదేమిటి?

1969 అక్టోబరులో బ్రిటన్‌లో విడుదలైన కింగ్ క్రిమ్సన్ బృందం తొలి ఆల్బమ్ 'ఇన్ ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్'ను ఒకే శ్రోత పలుమార్లు కొన్న సందర్భాలు అరుదు కావు. మొదట ఎల్పీ, తర్వాత సీడీ, ఇప్పుడు '24 బిట్, 96 కిలోహెర్ట్జ్' ముద్రతో డిజిటల్ ఫైలు. రాక్ సంగీతానికి పాశ్చాత్య శాస్త్రీయ, జాజ్ రీతులను జోడించిన ప్రోగ్రెసివ్ రాక్ శైలిలో యస్, జెథ్రో టల్ బృందాల ఆల్బమ్‌లూ ఇలాగే పదేపదే మార్కెట్‌లోకి వస్తున్నాయి. శ్రోత డబ్బు చెల్లిస్తున్నది అంకెలకా, ధ్వనికా?

సీడీలో ధ్వని తరంగాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్లలో నమోదు చేస్తారు. దీనివల్ల సుమారు 22 కిలోహెర్ట్జ్ వరకు ధ్వనులు నిక్షిప్తమవుతాయి. మనిషి చెవికి వినిపించే గరిష్ఠ హద్దు దాదాపు 20 కిలోహెర్ట్జ్ మాత్రమే. బిట్ల సంఖ్య పెరిగితే నేపథ్య రొద తగ్గుతుంది. అయితే 1960ల నాటి టేపులో సహజంగా ఉండే బుసే సీడీ రొద కంటే ఎంతో ఎక్కువ. కాబట్టి అదనపు బిట్లు చాలావరకు ఆ బుసనే మరింత నమ్మకంగా భద్రపరుస్తాయి! 2007లో మేయర్, మోరన్ ప్రచురించిన పరీక్షల్లో శ్రోతలు 554 ప్రయత్నాల్లో సుమారు సగంసార్లే తేడాను సరిగా గుర్తించారు. నాణెం ఎగరవేసినా ఫలితం అంతే. పలు అధ్యయనాలను కలిపి 2016లో చేసిన విశ్లేషణలో స్వల్పమైన తేడా కనిపించింది.

అసలు తేడా మరోచోట ఉంది. రీమాస్టర్ అంటే సిద్ధంగా ఉన్న రెండు చానళ్ల తుది టేపుకు స్వరస్థాయి, బిగ్గరదనం సరిచేయడం. ఇక్కడే ప్రమాదమూ ఉంది. పాటంతా బిగ్గరగా వినిపించాలని మెల్లని, గట్టి ధ్వనుల మధ్య అంతరాన్ని కుదిస్తే, 24 బిట్ల ఫైలు కూడా పాత ఎల్పీ కంటే పేలవంగా వినిపిస్తుంది. రీమిక్స్ అందుకు భిన్నం. విడివిడిగా రికార్డు చేసిన గాత్రాన్ని, వాద్యాలను మళ్లీ మొదటి నుంచి కలుపుతారు. అచ్చు ప్రతిని మంచి కాగితంపై పునర్ముద్రించడానికి, తాళపత్రాలకు వెళ్లి పాఠాన్ని పరిష్కరించడానికి ఉన్న తేడా వంటిదే ఇది.

కింగ్ క్రిమ్సన్ ఆల్బమ్‌ను ఎనిమిది ట్రాకుల యంత్రంపై రికార్డు చేశారు. ట్రాకులు నిండినప్పుడు కొన్నింటిని కలిపి మరో టేపుకు ఎక్కించి, కొత్త వాద్యాలకు చోటు చేశారు. అలా ఎక్కించిన ప్రతిసారీ స్పష్టత కొంత తగ్గింది. 2009లో స్టీవెన్ విల్సన్, బృంద నాయకుడు రాబర్ట్ ఫ్రిప్‌తో కలిసి, ఆ కలపడానికి ముందునాటి టేపులను కంప్యూటర్‌లో జతపరచి రీమిక్స్ చేశారు. మెలోట్రాన్ పొరలు విడివిడిగా వినిపించడానికి కారణం ఈ శ్రమే తప్ప 96 అనే అంకె కాదు.

పరిష్కర్త అభిరుచి కూడా పాఠంలోకి చేరుతుంది. ఆ రీమిక్స్‌లో 12 నిమిషాల 'మూన్‌చైల్డ్' దాదాపు మూడు నిమిషాలు తగ్గింది. పూర్తి రూపాన్ని అదే డిస్క్‌లో అదనపు పాటగా చేర్చారు.

కొనేముందు ఏ టేపు నుంచి తయారైంది, రీమాస్టరా లేక రీమిక్సా అన్నది చూడటం మేలు. సాధారణ బ్లూటూత్ ఇయర్‌ఫోన్లకు చేరేలోపే ఫైలును కుదించి పంపుతారు కనుక, వాటితో వినేవారికి 24 బిట్ల ముద్ర వల్ల ప్రయోజనం దాదాపు శూన్యం.