మనోళ్లకు థాంక్సేంది?

మా దిక్కు సొంతవాళ్లకు థాంక్స్ చెప్తే మొహం మాడ్చుకుంటారు. "నేనేమన్న బయటోన్నా?" అంటారు. అమ్రాబాద్‌లో పుట్టి, ఇక్కడి బడుల్లోనే పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఈ కోపం బాగా తెలుసు. అదే మనుషులు ఆదివారం గుడిలో కూచుంటే స్తోత్రం తప్ప మరో మాట ఉండదు. దేవుని దగ్గర ధారాళం, పక్కవాడి దగ్గర పిసినారితనం. లూకా సువార్తలో పదిమంది కుష్ఠురోగులు బాగుపడితే వెనక్కి వచ్చి యేసు కాళ్ల మీద పడ్డవాడు ఒక్కడే. వాడూ యూదులు దూరం పెట్టిన సమరయుడు. మిగతా తొమ్మిది మందికి సంతోషం లేకనా? నడిచి రావడానికే బద్ధకం. కృతజ్ఞత నోటికంటే కాళ్లకు ఎక్కువ పని పెడుతుందని నా నమ్మకం.

అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరిచేత తమకు జరిగిన మేళ్లు, మరికొందరిచేత చిరాకులు రాయించి చూశారు. మేళ్లు రాసినవాళ్లకు బతుకు మీద తృప్తి ఎక్కువ కనిపించిందని 2003లో ప్రకటించారు. నా దగ్గరా ఒక నోటుబుక్కు ఉంది. "ఆరోగ్యానికి స్తోత్రం" అని అందులో రాయను. అలాంటిది నాలుగు రోజులు రాస్తే చెయ్యి రాస్తూనే ఉంటుంది, మనసు పొయ్యి మీది పాల మీదికి పోతుంది. మన్ననూరులో బస్సు కదిలాక నా మందుల సంచి బెంచీ మీదే ఉండిపోయిందని కేకేశాను, డ్రైవర్ ఆపాడు, అట్లాంటివి రాస్తాను. తర్వాత అదే బస్సెక్కినప్పుడు ఆ మాట చెప్తే ఆయన నవ్వి, "గంత దానికేనా మేడమ్?" అన్నాడు. గంత దానికే.

మా సంఘంలో ఈ కృతజ్ఞత చెప్పుకోవడం పెద్ద ఎత్తున జరిగేది కోత పండుగ నాడు. పత్తి ఏరుడు అయి, కందులు కొట్టి, చేతిలో నాలుగు పైసలు ఆడే వేళ చూసి పాస్టర్ గారు ఒక ఆదివారం ప్రకటిస్తారు. బలిపీఠం ముందు జొన్న కంకుల కట్టలు, గంపల్లో పల్లీలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. నాగర్‌కర్నూల్‌లో మిషన్ పెట్టిన మెన్నొనైట్ బ్రదరన్ వాళ్లకు కూడా ఇది ఇంటి పండుగే. మొదట రష్యాలో, తర్వాత అమెరికాలో గోధుమ పండించిన రైతు కుటుంబాలు అవి. కోతలయ్యాక కృతజ్ఞతా పండుగ చేసి, ఆ రోజు కానుకను మిషన్ పనికి పంపే అలవాటు వాళ్లది. 1899లో వాళ్ల మిషనరీ ఎన్.ఎన్. హీబర్ట్ హైదరాబాద్ వచ్చాడు. ఆ తర్వాత డానియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూల్‌లో ఏళ్ల తరబడి పనిచేశాడు. ఎక్కడి గోధుమలు, ఎక్కడి పాలమూరు!

ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ఈ గంపకు ఒక షరతు ఉంది. ప్రథమ ఫలాలు తెచ్చిన రైతు ఊరికే దండం పెట్టి పోకూడదు. మా తండ్రి ఊరూరా తిరిగినవాడు, మేం ఐగుప్తులో వెట్టి చేసినవాళ్లం అని పైకి చెప్పాలి. ఆ తర్వాత ఊళ్లో ఉన్న పరదేశితో కలిసి సంతోషించాలి. ప్రాజెక్టు ఎక్కడ కట్టినా తట్టమోసిన పాలమూరు వలసజీవులకు దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. పడ్డ కష్టాన్ని దాచిపెట్టి స్తోత్రం చెప్పమని బైబిల్ అడగదు. కీర్తనల గ్రంథంలో మొర పెట్టుకునేవి తక్కువేమీ కాదు. వాన ఎగ్గొట్టిన ఏడు, అప్పు తెచ్చి విత్తనం పెట్టినామెను "అన్నిటికీ స్తోత్రం చెప్పమ్మా" అని తొందరపెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో రకం స్తోత్రం అంటే భయం. ఆటో బోల్తా పడిందట, అందరికీ కాళ్లు చేతులు విరిగాయట, తనను మాత్రం దేవుడు కాపాడాడట. సాక్ష్యం చెప్పేవాడు చెప్తుంటాడు, కాలు విరిగినోడి తల్లి రెండో వరసలో చాప మీద కూచుని వింటుంటుంది. లూకా 18లో పరిసయ్యుడి ప్రార్థన కూడా కృతజ్ఞతతోనే మొదలవుతుంది: ఇతరుల్లాంటివాణ్ని కానందుకు. యేసు మెచ్చని ప్రార్థన అది.

కోత పండుగలో నాకు నచ్చేది ఆరాధన తర్వాత జరిగే వేలంపాట. లెక్క రాసే పని నాది. ఇరవై రూపాయల సొరకాయ మూడు వందలకు పోతుంది. పాడుకున్నవాడు దాన్ని గుడికే తిరిగిస్తే మళ్లీ పాట. ఒకసారి సొరకాయ తెచ్చిన అవ్వ నా పుస్తకంలోకి వంగి చూసింది. ఆమెకు చదువు రాదు.

"నా కాయ ఎంతకు పోయింది బిడ్డా?"

"ఏడు వందల యాభై, అవ్వా."

"అబ్బో! అంత నేనేడ ఇస్తును?"

లేనివాళ్ల కానుకను ఊరంతా కలిసి పెంచడం ఇది. కానీ మైకులో వినిపించేది పాడుకున్నవాళ్ల పేర్లే. కాయ తెచ్చినామె పేరు ముందు చదవాలని కమిటీలో అడిగాను. పేర్లు వినిపించకపోతే పాట పెరగదన్నారు కుర్రాళ్లు. అది నిజమే కావచ్చు. ఈసారి రెండు పేర్లూ చదవమని అడుగుతాను.