కథలోని వంకర, ఎముకలోని వంకర

కనిగిరికి సమీపముననున్న హనుమంతునిపాడు పల్లెలలో నడుము వంగినవానిని చూచినపుడు అతని గుణమును శంకింపనక్కరలేదు. ఆ వంపునకు కారణము నీరు. రాతినేలలోని ఫ్లోరైడు భూగర్భజలములో కరిగి, ఏండ్ల తరబడి త్రాగినవారి పండ్లను గారపట్టించును, కీళ్లను బిగించును, కొందరి వెన్నును వంచివేయును. నాటి నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి 1937లోనే వైద్యులు వ్యాసములు ప్రకటించిరి.

అదే ఊరి బాలుడు కథల పుస్తకము తెరచినచో వేరొక శాస్త్రము కనబడును. గూని అన్నంతనే మంథర, కుంటి అన్నంతనే శకుని! వ్యాసభారతమున శకునికి కుంటితనము లేదు. అది తరువాతివారు తగిలించినది. దుర్బుద్ధిని పిల్లలకు చప్పున చూపుటకు దేహమున ఒక వంకర పెట్టిన చాలునని కథకుడు తలచినాడు. పని సులువైనదే, దాని మూల్యము చెల్లించునది మాత్రము వెనుక బల్లపై కూర్చున్న పిల్లవాడు.

మంచివానికిని చిక్కు తప్పలేదు. కథ ముగియులోపల అతడు బాగుపడవలెను. అరణ్యపర్వములో అష్టావక్రుడు జనకుని సభలో వందిని వాదమున ఓడించినాడు. ఆ గెలుపు చాలలేదు కాబోలు, తండ్రి ఆనతిపై సమంగా నదిలో మునిగి అవయవములు చక్కబరచుకొనవలసివచ్చినది! అక్కడ నీరు వంకర తీర్చినది. ఇక్కడ నీరే వంకర పెట్టినది. ఫ్లోరైడు వంచిన ఎముకను ఏ నదియు సరిచేయదు. 1881 నాటి ‘హైడీ’ కథలో చక్రాల కుర్చీలోని క్లారా సైతము కొండగాలికి లేచి నడచినది.

నండూరి రామమోహనరావు ‘కాంచన ద్వీపం’గా తెనిగించిన స్టీవెన్‌సన్ నవలలో ఒంటికాలి సిల్వర్ దుష్టుడే. అయినను తెలివి, ధైర్యము, మాటనేర్పు గల నిండు మనిషి. ఒక కాలు కోల్పోయిన కవిమిత్రుడు హెన్లీ ఆ పాత్రకు ప్రేరణయని రచయితయే ఒప్పుకొన్నాడు. ఎరిగిన మనిషిని చూచి వ్రాయుటలో ఉన్న తేడా అది.

ఇట్టి పరిశోధనకు విశ్వవిద్యాలయమే కానక్కరలేదు. బడి గ్రంథాలయములోని ఇరువది పుస్తకములు చాలును. ఆ పాత్రకు పేరున్నదా, ‘గూనివాడు’ అన్నదే పేరా? బడికి పోవునా? స్నేహితులు కలరా? అతనిని చూచి నవ్వినవానిని కథ ఏమన్నది? 2016 నాటి చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. వానిలో ఎన్ని కథకెక్కినవో విద్యార్థులు లెక్కవేయవచ్చును.

లెక్క ముగిసిన పిదప నోటుపుస్తకములో మిగిలిన పుటలలో వారినే వ్రాయనిండు: మోకాళ్లు బిగిసిన అవ్వ నీళ్ల ట్యాంకరు వద్ద బిందెతో వరుసలో నిలిచి, ఆనాడు ఎవరితో జగడమాడినదో, ఎట్లు గెలిచినదో.