పాత బొమ్మ, కొత్త నగ

కొత్త సంవత్సరము రాగానే గోడమీది పాత క్యాలెండరు క్రిందికి దిగుతుంది. దానిమీది లక్ష్మీదేవిని చెత్తబుట్టలో వేయడానికి ఇల్లాలికి చేతులు రావు. గోడమీదనే ఉంచుదామంటే చోటు చాలదు. చివరకు ఆ పటము ట్రంకుపెట్టె అడుగున చేరుతుంది. మన ఇండ్లలో పాత బొమ్మల కథ చాలావరకు ఇదే.

అట్టి పెట్టె నొకదానిని మేము రోలుగుంటలో ఒక ఇంట చూచాము. అనకాపల్లి బెల్లపు వర్తకులు పంచిన క్యాలెండర్లు, అగ్గిపెట్టెల మీది చీటీలు, శుభలేఖలు, చందమామ ముఖచిత్రాలు, అన్నిటికీ అడుగున నలుపు తెలుపు ఫొటోలు అందులో ఉన్నవి. ఆ ఇంటి కోడలు వాటితో కాగితపు పూసలు, చెవిదిద్దులు, శుభాకాంక్షల కార్డులు చేస్తున్నది. ఒక లాకెట్టులో అత్తగారి తల్లి ముఖము ముచ్చటగా అమరినది. అసలు ఫొటో చూపమని అడిగాము. తెచ్చి చూపినది. ముఖము ఉండవలసిన చోట గుండ్రని కంత ఉన్నది. “అమ్మ పక్కన నిలబడ్డ పిల్లను నేనే నాయనా! ఇప్పుడు భుజం సగమే మిగిలింది” అన్నది అత్తగారు. నవ్వుతూనే అన్నది గాని, ఆ నవ్వులో మరెవ్వరూ కలిసికొనలేదు.

అచ్చు బొమ్మను అలంకరణకు వాడుకొనడము కొత్త విద్య కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయము నెలకొల్పిన తరువాత దేవతల రంగు పటములు సామాన్యుల ఇండ్లకు చేరినవి. దక్షిణాదిని కొందరు ఆ పటములకు జరీ, పూసలు, చమ్కీలు అతికించి దేవతలకు చీరలు, నగలు అమర్చేవారు. అంతకు పూర్వమే, 18వ శతాబ్దములో, ఇటలీలోని వెనిస్ పనివారు అచ్చు బొమ్మలను కత్తిరించి చెక్కసామానుపై అతికించి, పైన పూత మీద పూతగా వార్నిషు వేసేవారు. ఆసియా నుండి వచ్చే ఖరీదైన లక్కసామానుకు అది చవుక అనుకరణ. అందుకే దానికి ‘పేదవారి లక్క’ అనే పేరు వచ్చినది.

అయితే కత్తెర పట్టేముందు బొమ్మలను మూడు కుప్పలుగా వేరుచేయవలెను. చినిగిన క్యాలెండర్లు, రంగు కాగితాలు మొదటి కుప్ప. వీటిని నిస్సంకోచముగా కత్తిరించవచ్చును. పాత పత్రికల ముఖచిత్రాలు, అరుదైన చీటీలు రెండవ కుప్ప. వీటికి నకలు తీసి నకలునే వాడవలెను. ఇంటివారి ఫొటోలు మూడవ కుప్ప. వీటి దగ్గరకు కత్తెర రానేకూడదు.

మొదటి కుప్ప పూసలకు తగినది. అడుగున అంగుళము వెడల్పు, చివర సూది మొన ఉండేటట్లు ఎనిమిది, పది అంగుళాల పొడవున కాగితాన్ని కోయవలెను. వెడల్పు వైపు నుండి ఈనెపుల్లకు బిగువుగా చుట్టి, కొసకు జిగురు రాసి, పుల్ల లాగివేయవలెను. ఆరిన తరువాత రెండు పలుచని పూతలు వార్నిషు వేయవలెను. చుట్టిన పూసలో బొమ్మ కనిపించదు, అంచు రంగులే కనిపిస్తవి. కనుక పూసకు ముఖమును బలియీయడము వృథా.

ముఖము లాకెట్టుకు తగినది. నకలును లేజరు యంత్రము మీద తీయించడము మేలు. సిరా చిమ్మే యంత్రపు నకలు తడి జిగురు తగిలితే చెదరిపోతుంది. నకలుకు రెండు ప్రక్కలా పలుచగా జిగురు పూసి ఆరనిచ్చి, ఉబ్బెత్తు గాజుబిళ్ల అడుగున గాలి బుడగలు లేకుండా అతికించవలెను. పుస్తకాల బైండర్లు పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తము కలిపేవారు. అది విషము. ఒంటికి తగిలే నగకు పనికిరాదు. బిళ్లకు వెనుక దన్నుగా కొయ్య కావలెనంటే మన జిల్లాలోనే, వరాహనది ఒడ్డున ఏటికొప్పాక ఉన్నది. అంకుడు కర్రను తరిమెన పట్టి లక్క రంగులద్దే అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది.

రెండవ కుప్పను గురించి ఒక మాట. చందమామ, యువ పత్రికల ముఖచిత్రాలతో తెలుగువారి కన్నులకు పండుగ చేసిన వడ్డాది పాపయ్యగారు శ్రీకాకుళములో జన్మించి, అనకాపల్లి చెంత కశింకోటలో చిరకాలము నివసించినారు. ‘వ.పా’ అనే సంతకమున్న బొమ్మ ఈ ప్రాంతపు పెట్టెలలో దొరకడము వింత కాదు. చిత్రకారుడు మరణించిన తరువాత 60 సంవత్సరాల వరకు చిత్రముపై హక్కు నిలిచి ఉంటుందని మన చట్టము. రవివర్మ 1906లో గతించినారు గనుక ఆయన చిత్రాలు అందరివీ అయినవి. పాపయ్యగారు గతించినది 1992లో. కావున వారి బొమ్మల నకళ్లతో నగలు చేసి అమ్మదలచినవారు 2052 ముగిసేవరకు హక్కుదారుల అనుమతి పొందవలెను.

ఇక మూడవ కుప్ప. ఫొటోలో ముఖము ఒక్కటే కాదు, ప్రక్కన నిలబడిన పిల్ల, వెనుక అరుగు, అట్ట అంచున ఫొటో తీసినవారి ఊరి పేరు కూడ ఉంటవి. లాకెట్టుకు వీటి అవసరము లేదు గాని ఆ ఇంటి చరిత్రకు ఉన్నది. నగ పోతే మరొకటి చేసికొనవచ్చును. తెగిన ఫొటోకు మరొక ప్రతి ఉండకపోవచ్చును.

మేము సెలవు తీసికొనే వేళకు అత్తాకోడళ్లు పెట్టె ముందు కూర్చుండి ఉన్నారు. అత్తగారు ఒక్కొక్క ఫొటో చేతబట్టి పేర్లు చెప్పుచున్నది. కోడలు మెత్తని పెన్సిలుతో వెనుక వ్రాసికొనుచున్నది. కత్తెర పెట్టెలో లేదు, గూటిలో ఉన్నది.