వేగం రెట్టింపైతే ఆగే దూరం మూడింతలు

కోతలు ముగిశాయంటే చాలా ఊళ్లలో తారురోడ్డే కళ్లమవుతుంది. ఒక పక్క ధాన్యం, దాని చుట్టూ రాళ్లు. మిగిలిన సగం రోడ్డు మీదే బస్సులు, ట్రాక్టర్లు, బడిపిల్లల సైకిళ్లు పోవాలి. అటువంటి చోట ఓ పిల్లవాడు కారుకు అడ్డం వస్తే వాడి ప్రాణం ఆ కారు వేగం మీదే ఆధారపడి ఉంటుంది.

బ్రేకు తొక్కగానే కారు ఆగుతుందని చాలామంది అనుకుంటారు. కన్ను చూసి, బుర్రకు తట్టి, కాలు బ్రేకు మీద పడేసరికే సుమారు ఒక సెకను గడుస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనులోనే కారు 11 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక ఆగడానికి మరో 9 మీటర్లు. వెరసి 20 మీటర్లు, అంటే క్రికెట్ పిచ్ పొడవు.

అదే 80 వేగంలో అయితే మొదటి సెకనుకే 22 మీటర్లు గడిచిపోతాయి. వేగం రెండింతలైతే బ్రేకు పడ్డాక పట్టే దూరం నాలుగింతలవుతుంది కనుక మరో 36 మీటర్లు కావాలి. మొత్తం 58, దాదాపు మూడు పిచ్‌లు. 40లో వచ్చిన కారు ఆగిన చోటుకు 80లో వచ్చిన కారు చేరేసరికి డ్రైవరు కాలు ఇంకా బ్రేకు మీద పడనే లేదన్నమాట!

ఈ లెక్క మంచి టైర్లకు, పొడి రోడ్డుకు. వానలో బ్రేకు దూరం రెట్టింపు అవుతుందనుకోవాలి. వడ్లు, మొక్కజొన్న గింజల మీద టైరు జారుతుంది. ఏబీఎస్ ఉన్న కారులో చక్రాలు బిగుసుకుపోవు, స్టీరింగు పట్టు తప్పదు. అంతమాత్రాన గింజల మీద, కంకర మీద తొందరగా ఆగుతుందని నమ్మరాదు. గింజలు కనబడగానే, వాటి మీదికి ఎక్కకముందే వేగం తగ్గించుకోవాలి.

ముందు బండికి ఎంత ఎడం ఉండాలో తెలుసుకోవడం తేలికే. ఆ బండి ఒక చెట్టునో, మైలురాయినో దాటగానే ‘వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు’ అని నిదానంగా లెక్కపెట్టాలి. అది పూర్తికాకముందే మన కారు అక్కడికి చేరితే వెనక్కు తగ్గాలి. వానలో నాలుగు దాకా లెక్కపెట్టాలి.

రాత్రిపూట లైటు వెలుగు ఎంతవరకు పడుతుందో అంతలో ఆగగల వేగంతోనే పోవాలి. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు, ధాన్యం చుట్టూ పేర్చిన రాళ్లు చీకట్లో దగ్గరకొచ్చేదాకా కనబడవు.

రైతులూ తమవంతు చూసుకోవాలి. వీలైనంతవరకు ధాన్యాన్ని రోడ్డు మీద పోయకుండా ఉండడం, ట్రక్కుకు వెనక ఎర్రలైటు కట్టడం పెద్ద ఖర్చు కాదు. ఆ రోడ్డు మీద నడిచేది మన ఊరి పిల్లలే.